సిద్ధయే సర్వకర్మణామ్: కార్యసిద్ధికి గీత చెప్పిన ఐదు కారణాలు

ఎవరైనా జీవితంలో పైకొస్తే లోకం రెండు మాటలే అంటుంది. "కష్టపడ్డాడు" అని కొందరు, "నుదుట రాసి ఉంది" అని కొందరు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఈ రెంటినీ కాదనడు, కానీ రెంటితో సరిపెట్టడు. ఏ పని నెరవేరినా దానికి ఐదు కారణాలు ఉంటాయని లెక్క కట్టి చెప్పాడు.

పంచైతాని మహాబాహో కారణాని నిబోధ మే |
సాంఖ్యే కృతాంతే ప్రోక్తాని సిద్ధయే సర్వకర్మణామ్ || (18.13)

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ |
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ || (18.14)

పారాయణలో ఇక్కడ తరచూ దొర్లే తప్పొకటి ఉంది. మొదటి శ్లోకంలో "కారణాని" అని దీర్ఘం. రెండోదానిలో "కరణం", దీర్ఘం లేదు. కారణమంటే హేతువు, కరణమంటే పనిముట్టు. నోటి అలవాటు మీద రెండోచోట కూడా "కారణం" అనేస్తే ఐదింటిలో మూడోది మాయమైపోతుంది. రెండూ అనుష్టుప్ శ్లోకాలే, పాదానికి 8 అక్షరాలు. వేళ్ల మీద లెక్కపెడుతూ చదివితే అక్షరం జారిపోదు, కానీ దీర్ఘం తప్పితే ఆ లెక్కకి దొరకదు. దాన్ని చెవితోనే పట్టుకోవాలి.

మొదటిది అధిష్ఠానం, అంటే ఆశ్రయం. గీతకు భాష్యం రాసిన శంకరులు, రామానుజులు ఇద్దరూ దీన్ని శరీరమనే చెప్పారు. లక్ష్యం కోసం నిద్రని, తిండిని బలిపెట్టడం గొప్పని చాలామంది అనుకుంటారు. మిగిలిన నాలుగూ కూర్చునే పీట ఈ ఒళ్లే. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని ఆరో అధ్యాయంలో (6.16) స్పష్టంగా ఉంది. నిద్ర చాలనివాడికి ముందు పోయేది బలం కాదు, వివేచన. అందుకే తప్పు జరుగుతున్నట్టు వాడికి తెలియనే తెలియదు.

రెండోది కర్త, అంటే పని చేసేవాడు. ఇక్కడ కాస్త నిలవాలి. సాత్త్విక కర్త ఎలా ఉంటాడో 18.26 చెబుతుంది: సంగం (తగులం) లేనివాడు, "నేనే చేశాను" అననివాడు, ధృతి (పట్టు సడలని నిలకడ), ఉత్సాహం రెండూ ఉన్నవాడు, పని అయినా కాకపోయినా మనసు చెదరనివాడు. ధృతినీ ఉత్సాహాన్నీ "ధృత్యుత్సాహసమన్వితః" అని ఒకే సమాసంలో కట్టడం ఊరికే జరగలేదు. ధృతి లేని ఉత్సాహం ఆరంభశూరత్వం. మొదటి వారం అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు, మూడో వారానికి ఆ పుస్తకం ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఉత్సాహం లేని ధృతి ఉత్త ఈడ్పు. పని ఆగదు, ప్రాణమూ ఉండదు. 18.28లో తామస కర్త లక్షణాల చివర "దీర్ఘసూత్రీ" అనే మాట ఉంది. ఇవాళో రేపో చేయాల్సిన పనిని నెల గడిచినా చేయనివాడు అని శంకరులు దానికి అర్థం రాశారు. వాయిదా వేసే మనిషిని ఇంతకన్నా సూటిగా పట్టుకోవడం కష్టం.

మూడోది కరణం. శంకర భాష్యం లెక్కన ఇవి 12: జ్ఞానేంద్రియాలు 5, కర్మేంద్రియాలు 5, మనసు, బుద్ధి. శ్లోకంలో "పృథగ్విధం" అన్న విశేషణమే అసలు కీలకం. ఒక్కోదాని పని వేరు, ఒకదాని లోటు ఇంకోటి తీర్చదు. కళ్లతో పదిసార్లు చదివినవాడు ఒక్కసారీ చేత్తో రాయలేదు, నోటితో ఒప్పజెప్పలేదు. పరీక్షలో కలం ఆగిపోతే జ్ఞాపకశక్తి లేదని ఏడుస్తాడు. చాలనిది జ్ఞాపకం కాదు, చేతికి అలవాటు. పనులు ఎక్కువగా చెడేది వాక్కు దగ్గర. ఎదుటివారిని నొప్పించనిది, సత్యమైనది, ప్రియమూ హితమూ అయినది మాట్లాడటం వాచిక తపస్సని 17.15 అంటుంది. ఈ నాలుగూ ఒకే మాటలో కుదరాలి. సత్యం ఒక్కటీ పట్టుకుని మిగిలిన మూడూ వదిలేసినవాడు, నిజమే చెప్పినా మనుషులెందుకు దూరమయ్యారా అని ఆశ్చర్యపోతాడు.

నాలుగోది చేష్ట, ప్రయత్నం. భాష్యకారులు దీన్ని ఒంట్లోని ప్రాణం, అపానం మొదలైన వాయువుల కదలికగా వ్యాఖ్యానించారు. సాధకుడు శ్లోకంలోని "వివిధాః", "పృథక్" అన్న రెండు మాటల్నీ మనసులో పెట్టుకుంటే చాలు: ప్రయత్నాలు అనేకం, వేటికవి వేరు. విఫలమైన పద్ధతినే రెట్టింపు పట్టుదలతో మళ్లీ చేస్తే అది వివిధ చేష్ట కాదు. మూడుసార్లు ఒకేచోట ఆగిపోయినవాడు నాలుగోసారి మార్చాల్సింది సమయాన్నో, పద్ధతినో, నేర్పేవారినో. దేన్నో ఒకదాన్ని మార్చాలి.

ఇక దైవం. శంకరులు కంటికి ఆదిత్యుడిలా ఇంద్రియాలకు అనుగ్రహమిచ్చే దేవతలని అన్నారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. ఏ అర్థం తీసుకున్నా "అత్ర పంచమమ్" అన్న మాట మారదు: వీటిలో ఐదోది. మొదటి నాలుగింటి బదులు వచ్చేది కాదు, వాటితో కలిసి పనిచేసేది. "దేవుడి దయ ఉంటే అదే అవుతుంది" అని చేతులు ముడుచుకున్నవాడు నాలుగింటిని ఎగ్గొట్టాడు. "అంతా నా తెలివే" అన్నవాడు నాలుగింటిని మింగేశాడు. ఈ రెండోవాణ్ణి 18.16 "దుర్మతిః" అంటుంది. ఫలత్యాగం గురించి చెప్పిన వెంటనే స్వామి ఈ లెక్క ఎందుకు ఎత్తాడో ఇక్కడే తెలుస్తుంది. ఫలానికి ఐదుగురు వాటాదారులని తెలిశాక "నాది" అన్న పట్టు దానంతటదే సడలుతుంది.

చాలామంది దాటేసే మాటొకటి ఆ రెండు శ్లోకాల వెంటనే, 18.15లో ఉంది: "న్యాయ్యం వా విపరీతం వా". న్యాయమైన పనికైనా, అన్యాయమైన పనికైనా కారణాలు ఈ ఐదే. కాబట్టి పని నెరవేరినంత మాత్రాన అది మంచిపనని రుజువు కాదు. ఆ తేడా మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. దానికి 18.25 నాలుగు ప్రశ్నలిస్తుంది, తామస కర్మ వాటిని అడగదని చెబుతూ: అనుబంధం, దీని వెంట ఏమేమి వస్తాయి? క్షయం, ఏం ఖర్చవుతుంది, ఎంత పోతుంది? హింస, ఎవరికి నొప్పి? పౌరుషం, నా శక్తికి ఇది అందుతుందా? చివరి ప్రశ్నని పిరికితనమని పక్కన పెట్టేవారే ఎక్కువ. తన బలం కొలుచుకోకుండా మొదలుపెట్టడాన్ని గీత ధైర్యమనలేదు, మోహమంది.

దీన్ని రోజూ ఆచరించడానికి పది నిమిషాలు చాలు. రాత్రి పడుకునే ముందు రెండు శ్లోకాలూ ఒక్కొక్కసారి చదివి, ఆ రోజు కాని పని ఒక్కటి, ఒక్కటే, తీసుకోవాలి. నాలుగైదు తీసుకుంటే విచారణ పోయి విచారం మిగులుతుంది. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా ఐదు కారణాలూ వరసగా తాకుతూ ఏది చాలలేదో చూడాలి. మనసు తిన్నగా రెండో వేలి మీదికో ఐదో వేలి మీదికో దూకుతుంది: "నేను పనికిరాను", లేదా "నా రాత ఇంతే". అందుకని ముందు ఒకటి, మూడు, నాలుగు చూడాలి. ఒంట్లో ఓపిక ఉందా? ఏ పనిముట్టు మొండిగా ఉంది? పద్ధతి మార్చానా, పాతదే తిప్పానా? దొరికిన లోటుకి మర్నాడు చేయాల్సింది ఒకే వాక్యంలో కాగితం మీద రాసుకోవాలి.

పని అయిన రోజు కూడా లెక్క మానకూడదు. ఆ రోజు రెండో వేలు వదిలేసి, మిగిలిన నాలుగింటికీ పేరుపేరునా నమస్కారం చెప్పుకుని పడుకోవాలి.