మౌస్ వెంట నడిచే ఫోకస్, దారిలో మారిపోయే మెనూ

మా తాతగారు దామలచెరువు మండీకి తోలిన మామిడికాయల లెక్కలు రాసుకున్న పద్దుల పుస్తకాన్ని, తిరుపతిలో మా ఇంట్లో కూర్చుని నెల రోజులుగా కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. తెర పైసగంలో స్కాన్ చేసిన పుట, కిందిసగంలో టైపు చేసే విండో ఉంటాయి. పుట తిప్పడానికీ, అక్షరాలను పెద్దవి చేయడానికీ మాటిమాటికీ పైకి వెళ్లవలసి రావడంతో, పాయింటరు ఏ విండో మీద ఉంటే దానికే, క్లిక్కు చేయకుండానే, ఫోకస్ (అంటే కీబోర్డులో నొక్కినది అందుకునే వంతు) దక్కేలా నా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు కేడీఈ ప్లాస్మాలో అమర్చుకున్నాను. ఆ సుఖం మరిగినవారు వెనక్కి వెళ్లలేరు.

తరువాత, చిన్న తెర మీద ఒక వరుసైనా మిగులుతుందన్న ఆశతో, విండోలలోని మెనూలను తెర పైఅంచుకు తరలించాను. కథ అక్కడే అడ్డం తిరిగింది. నిజానికి అడ్డం తిరిగింది బేనీషా ధరలున్న పుట. కింది విండో కోసం ఎడిట్ మెనూ తెరవబోతే, దారిలో పాయింటరు స్కాన్ మీదుగా పోయింది, ఫోకస్ దానికి మారింది, పైనున్న మెనూ కూడా దానిదే అయిపోయింది. నేను చూసుకోకుండా నొక్కినది బొమ్మను తిప్పే ఆజ్ఞ.

మెనూను పైఅంచున పెట్టడం తెలివితక్కువ పని కాదు. 1984 నాటి మెకింటాష్‌లోనే అది ఉంది. అంచు దగ్గర పాయింటరు ఆగిపోతుంది కనుక ఎంత విసురుగా తోసినా గురి తప్పదు. గురిని చేరడానికి పట్టే సమయాన్ని దూరంతోనూ, గురి పరిమాణంతోనూ ముడిపెట్టి 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రంతో దీన్ని సమర్థిస్తారు. అయితే మెకింటాష్‌లో క్లిక్కు చేస్తే తప్ప ఫోకస్ మారదు కాబట్టి దారిలో ఎన్ని విండోలు అడ్డొచ్చినా మెనూ చెక్కుచెదరదు. మెనూ విండోలోనే ఉండే చోట ఈ చిక్కే లేదు. రెండు మంచి ఏర్పాట్లను నేనే తెచ్చి ఒకే ఇంట్లో కాపురం పెట్టించాను.

ఫోకస్ మారడానికి కొంత జాప్యం పెట్టి చూశాను. నా చేతికి సరిపోయింది కానీ, మౌస్‌ను నిదానంగా జరిపే మా నాన్నగారికి సరిపోలేదు. జాప్యం పెంచితే నాకు విసుగు. చివరికి విండోలను పక్కపక్కన పెట్టాను. మెనూ ఎడమ మూలన మొదలవుతుంది కనుక టైపు చేసే విండో ఎడమవైపు ఉండాలి; అప్పుడు పైకి వెళ్లే దారి దాని మీదుగానే సాగుతుంది. తాతగారి పద్దులు ఇప్పుడు కుడివైపు ఉన్నాయి.