ఈషాపూర్ 2ఏ1: మూడు విడతల రేంజ్ పరీక్ష

ఈషాపూర్ 2ఏ1 రైఫిల్‌ను దూరం నుంచి చూస్తే మనవాళ్లెవరైనా ‘త్రీ నాట్ త్రీ’ అనేస్తారు. పోలీసు సెంట్రీల భుజాన దశాబ్దాలపాటు కనిపించిన ఆకారమే అది. కానీ ఇది .303 కాదు. 1962 చైనా యుద్ధం తర్వాత పశ్చిమ బెంగాల్లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పాత లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాను 7.62×51 నాటో తూటాకు తగ్గట్టు, మేలైన ఉక్కుతో కొత్తగా తయారుచేసింది. 2ఏ రకం వెనక సైటు మీద గుర్తులు 2000 మీటర్ల దాకా, 2ఏ1 మీద 800 మీటర్ల దాకా ఉంటాయి. మన దేశంలో .303, 7.62 బోర్లు రెండూ పౌరులకు నిషిద్ధం. సైనిక మిగులు కింద అమెరికా చేరినవి అక్కడ చట్టబద్ధంగా చేతులు మారుతున్నాయి. ఈ పరీక్ష టెక్సస్‌లోని ఒక అవుట్‌డోర్ రేంజ్‌లో, 100 గజాల దూరంలో, ఇనుప సైట్లతో చేసినది.

రేంజ్‌కి వెళ్లకముందు

నిల్వ గ్రీజు వదలాలంటే మినరల్ స్పిరిట్స్ చాలు. బ్యారెల్ మెరిసేలా తుడిచి చాంబర్‌ను (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిని) వదిలేయడం అందరూ చేసే పొరపాటు. చాంబర్‌లో గ్రీజు మిగిలితే వేడికి కరిగి కేసుకు (తూటా ఇత్తడి గొట్టానికి) పూస్తుంది. అప్పుడు కేసు చాంబర్ గోడను పట్టుకోదు, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ మీద తోపుడు పెరుగుతుంది. చాంబర్ బ్రష్ వేరేగా కొనుక్కోండి.

బోల్ట్ పిడి వెనక ఉన్న నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప దేహం) నంబరు ఒకటేనా చూడాలి. ఒకటైనా కాకపోయినా హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటాకు దొరికే చోటు) కొలవాల్సిందే. ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) తీసేసి, తూటా ఆకారపు కొలత గేజ్‌ను చాంబర్‌లో పెట్టి, బోల్ట్ పిడిని వేలి కొసతో మాత్రమే దించాలి. బలం పెడితే గేజ్ అబద్ధం చెబుతుంది. నాటో తూటాకు వాణిజ్య జోడైన .308 విన్చెస్టర్ గో గేజ్ 1.630 అంగుళాలు, ఫీల్డ్ గేజ్ 1.638. గో మీద బోల్ట్ మూసుకోవాలి, ఫీల్డ్ మీద మూసుకోకూడదు. నాటో చాంబర్ కాస్త పొడవుగానే ఉంటుంది కాబట్టి .308 నో-గో (1.634) మీద మూసుకున్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. 1.638 మీద కూడా మూసుకుపోతే మాత్రం పలచని గోడల వాణిజ్య .308 కేసులు వాడకండి. గన్‌స్మిత్‌కు చూపించండి.

తూటా విషయంలో ఒక వాదన ఎప్పటికీ తెగదు: నాటోకు 50,000, .308కు 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అని రెండు పీడనాలు చూపించి భయపెడతారు. ఆ రెండూ వేర్వేరు పద్ధతుల్లో కొలిచినవి, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అయినా ఈ బోల్ట్ ముందు కాదు, వెనక లాక్ అవుతుంది. కాల్చిన ప్రతిసారీ బోల్ట్, రిసీవర్ గోడలు కొద్దిగా సాగుతాయి. అందుకే 147 గ్రెయిన్ల (సుమారు 9.5 గ్రాముల) బుల్లెట్ ఉన్న మామూలు సైనిక తరహా తూటా దగ్గరే ఆగడం మంచిది. కొన్ని సైనిక బుల్లెట్ల పైతొడుగులో ఉక్కు ఉంటుంది. అయస్కాంతం అంటుకుంటే కాల్చనివ్వని రేంజ్‌లున్నాయి, ముందే అడగండి.

మొదటి విడత

మొదటి రెండు తూటాలు ఒక్కొక్కటిగా పెట్టి, రైఫిల్‌ను పాత టైరుకు కట్టి, ట్రిగ్గర్‌ను తాడుతో లాగి కాల్చినవి. దీనికి రేంజ్ ఆఫీసర్ అనుమతి కావాలి. కేసులు శుభ్రంగా వచ్చాయి, ప్రైమర్లు (కేసు అడుగున నిప్పు పుట్టించే చిన్న మూతలు) పైకి లేవలేదు.

ఆ తర్వాత బెంచ్ మీద ఇసుక సంచి, వెనక సైటు కనీస గుర్తు మీద, నల్ల వృత్తం అడుగున గురి, నిమిషానికి ఒక తూటా. 5 తూటాల గుంపు వెడల్పు 3 అంగుళాలే, ఎత్తు మాత్రం 9. ఇలా నిలువుగా సాగిన గుంపు చూడగానే చాలామంది బ్యారెల్ అరిగిపోయిందని తేల్చేస్తారు. అరిగిన బ్యారెల్ గుంపును అన్ని వైపులా చెదరగొడుతుంది, ఒక్క నిలువునే సాగదీయదు.

అసలు సంగతి ట్రిగ్గర్ చెప్పింది. ఈ రైఫిల్‌కు రెండంచెల లాగుడు (ముందు తేలిక, తర్వాత గట్టి) ఉండాలి. ఇక్కడ రెండో అంచె ఒకసారి తెలిసేది, ఒకసారి తెలిసేది కాదు. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఈ రకానికి ట్రిగ్గర్ వేలాడేది రిసీవర్‌కు కాదు, ట్రిగ్గర్ గార్డుకు. గార్డు ఆనేది కట్టెకు. కట్టె కదిలితే లాగుడు మారుతుంది.

రెండో విడతకు ముందు: కట్టె పని

బెంగాల్ తేమలో అమర్చిన కట్టె టెక్సస్ ఎండకు కుంచించుకుపోతుంది. ట్రిగ్గర్ గార్డు ముందువైపు స్క్రూ చుట్టూ, కట్టె లోపల ఒక చిన్న ఇనుప కాలర్ ఉంటుంది. కట్టె పలచబడ్డాక స్క్రూ బిగింపంతా ఆ కాలరే మోస్తుంది. స్క్రూ రాయిలా బిగిసి ఉంటుంది, లోపల కట్టె మాత్రం వదులే. చేత్తో బిగించి చూసి “బాగానే ఉంది” అనుకునేది ఇక్కడే.

ఫోర్‌ఎండ్ (బ్యారెల్ కింది కట్టె) విప్పకుండా బట్ స్టాక్ (భుజానికి ఆనే కట్టె) బోల్ట్ తిప్పకూడదు. ఆ బోల్ట్ చదరపు కొస ఫోర్‌ఎండ్ వెనకనున్న పలకలో ఇరుక్కుని ఉంటుంది. తిప్పితే ఫోర్‌ఎండ్ వెనక భాగం చీలిపోతుంది. ముందు నోస్ క్యాప్ (కట్టె ముందు కొసనున్న లోహపు తొడుగు), బ్యాండ్లు, గార్డు, ఫోర్‌ఎండ్, ఆ తర్వాతే బట్. ఈ పనికి బట్ తీయాల్సిన అవసరమే లేదు.

కాలర్‌ను సన్నని ఆకురాయితో రెండు మూడు గీతలు అరగదీసి, మళ్లీ అమర్చి, కట్టె నొక్కుకుంటోందో లేదో చూసుకుంటూ పోవాలి. ఎక్కువ అరిగితే కొత్త కాలరే గతి. తర్వాత రిసీవర్ వెనక, రెండు పక్కలా కట్టె ఆనే చోట్లు. కాల్చినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బంతా వీటి మీదే. రిసీవర్ పట్టుకుని ఫోర్‌ఎండ్‌ను ముందుకూ వెనక్కూ లాగితే అణువంత కదలిక కూడా ఉండకూడదు. ఈ రైఫిల్‌లో కదిలింది. పలచని ఇత్తడి రేకు ముక్కలు, రెండు పక్కలా ఒకే మందంలో, ఎపాక్సీతో అతికించడమైంది. ఒక పక్కే మందమైతే గుంపు పక్కకు జరుగుతుంది. చివరగా, నోస్ క్యాప్ రంధ్రంలో బ్యారెల్ ఏ పక్కకూ రాసుకోకుండా చూడాలి.

రెండో విడత

అదే తూటా పెట్టె, అదే బెంచ్. ఇంకేదీ మార్చలేదు, మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడు గుంపులు: 4, 4½, 4 అంగుళాలు. ట్రిగ్గర్ రెండంచెలూ తిరిగి వచ్చాయి. ఇనుప సైట్ల సైనిక రైఫిల్‌కు ఇది చక్కని ఫలితం. ఆగకుండా 10 కాలిస్తే మాత్రం గుంపు పెరుగుతుంది. కట్టె కింద బ్యారెల్ త్వరగా చల్లారదు, గుంపుకూ గుంపుకూ మధ్య బోల్ట్ తెరిచి 10 నిమిషాలు ఆపాలి.

గుంపు మధ్య గురికి 5½ అంగుళాలు పైన, 2 అంగుళాలు ఎడమన.

మూడో విడత: సైటు

ముందు సైటును తప్పు జరిగిన వైపే జరపాలి. పైన పడితే ఎత్తైన బ్లేడు, ఎడమన పడితే ఎడమకు. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 19.4 అంగుళాలు. దాన్ని 3600తో (100 గజాలకు అన్ని అంగుళాలు) భాగిస్తే 0.0054. 100 గజాల వద్ద ఒక అంగుళం మార్పుకు బ్లేడు అంత జరగాలి. బ్లేడ్లు 0.015 అంగుళాల తేడాతో దొరుకుతాయి, ఒక్కో మెట్టు సుమారు 2.8 అంగుళాలు దించుతుంది. రెండు మెట్లు ఎత్తైనది వేస్తే 5.6. ఎడమకు 0.011 అంగుళం. అంత సన్నని జరుపుడును సుత్తితో కొట్టి సాధించలేం. జరిపే సాధనం అద్దెకైనా తెచ్చుకుని, కదలికను డయల్ కాలిపర్‌తో కొలవాలి. బ్లేడు కదలకుండా పక్కన లోహాన్ని నొక్కి బిగించి ఉంటే ముందు దాన్ని విడిపించాలి.

ఫలితం: గుంపు మధ్య గురికి అర అంగుళం లోపు.

కాల్చిన కేసులన్నిటినీ చూడాలి. అడుగు నుంచి సెంటీమీటరు పైన బయట మెరుస్తున్న వలయం కనిపిస్తే, కొస వంచిన సన్నని తీగను లోపల గోడ వెంట గీరండి. గాడి తగిలితే ఆ కేసు తెగిపోవడానికి సిద్ధంగా ఉంది. ఈ 40 కేసుల్లో ఒక్కదానికీ గాడి లేదు. అయినా రీలోడింగ్‌కు (మళ్లీ మందు నింపి వాడడానికి) తీసి పెట్టినవాటిని రెండుసార్లకు మించి వాడే ఆలోచన లేదు.