ఎడమ చెవి

జలుబుగా ఉందన్న సంగతి ఆ రోజు నా డైవింగ్ జోడీకి చెప్పలేదు. ముక్కుదిబ్బడ మాత్ర వేసుకుని, డబ్బులు కట్టాం కదా అని దిగాను.

ఆఫీసు పని మీద జ్యూరిక్‌లో ఉన్నాను. అక్కడి సరస్సులో జనవరిలో కూడా స్కూబా చేస్తారు. నాచు తక్కువ కాబట్టి నీళ్లు తేటగా ఉంటాయి. నేను నేర్చుకున్నది కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గర, గోరువెచ్చని సముద్రంలో. ఇక్కడ నీళ్లు ఐదు డిగ్రీలు. డ్రైసూట్‌తో ఒళ్లు తడవదు గానీ, తలకు తొడిగే హుడ్‌లోకి నీళ్లొస్తాయి.

దిగుతూ, చెవుల్లో ఒత్తిడి సరిచేయడానికి ముక్కు మూసి ఊదితే కుడి చెవి టప్పుమంది. ఎడమది అనలేదు. అక్కడే ఆగి కొంచెం పైకి రావాలి, అది మొదటి రోజే నేర్పుతారు. నేను ఇంకా గట్టిగా ఊదాను. ఆరు మీటర్ల దగ్గర చెవిలో సూది దిగినట్టయింది, ఆ వెంటనే నొప్పి పోయింది. హమ్మయ్య అనుకునేలోపే సరస్సు గిర్రున తిరిగింది. నేను వదిలిన బుడగలే పక్కకు పోతున్నట్టు కనిపించాయి. ఏది పైనో తెలియలేదు. జోడీ నా భుజం పట్టీ పట్టుకుని కదలకుండా ఆపింది. ఒకటి రెండు నిమిషాలే అట, నాకు పూటంత అనిపించింది. గట్టెక్కాక వాంతి.

కర్ణభేరికి చిల్లు. పని ముగించుకుని హైదరాబాద్ వచ్చేసరికి సంక్రాంతి. అమ్మ పెట్టిన సకినం కొరికితే ఎడమ చెవిలో రోడ్డు రోలర్ నడిచినట్టుంది. బయట కుక్కర్ విజిల్ మాత్రం ఎక్కడో పక్కవీధిలోది.

"ఎల్లిగడ్డ నూనె రెండు చుక్కలు పోస్తే తక్కువైతది బిడ్డా," అంది అమ్మ. చిన్నప్పుడు ఆ నూనెతో తగ్గిన మాట నిజమే. అప్పుడు చిల్లు లేదు. వారం పాటు గది గడియ పెట్టుకుని పడుకున్నాను, గిన్నె పట్టుకుని వస్తుందేమోనని.

హిమాయత్‌నగర్‌లో ఒక ఈఎన్‌టీ డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మధ్యన ఆనించారు. "ఏ చెవిలో వినిపిస్తోంది?"

ఎడమ చెవిలోనే, కుడి కంటే గట్టిగా. భయమేసింది. ఆవిడ నవ్వారు. అలా వినిపిస్తే నరం బాగున్నట్టే, లోపం పొర దగ్గరే అన్నారు. మరి తల ఎందుకలా తిరిగింది? "మేం పరీక్ష కోసం చెవిలో 30 డిగ్రీల నీళ్లు పోస్తేనే మనిషికి తల తిరుగుతుంది. మీరు ఐదు డిగ్రీలవి, అదీ చిల్లులోంచి పోసుకున్నారు." చన్నీళ్లు తగిలి ఒక వైపు లోపలి చెవిలోని ద్రవం కదిలితే, తల తిరుగుతోందనే మెదడు అనుకుంటుందట.

మందులు పెద్దగా లేవు. స్నానానికి ముందు వేసలీన్ రాసిన దూది, ముక్కు గట్టిగా చీదకపోవడం, అంతే. నాకు అన్నిటికంటే కష్టమైంది చీదకపోవడమే.

మార్చిలో పొర మూసుకుంది. వినికిడి పరీక్ష గీత రెండు వైపులా దాదాపు ఒకేలా వచ్చింది. మళ్లీ డైవింగ్ సంగతి ఆర్నెల్లయ్యాక చూద్దామన్నారు.

ఆ సాయంత్రం అమ్మ బయటికెళ్తూ పప్పు కుక్కర్ నాకు అప్పజెప్పింది. తిరిగొచ్చి ఎన్ని వచ్చాయని అడిగితే మూడన్నాను. మూత తీసి గరిటెతో కలిపి చూసి, "మూడే," అంది.