బ్రాడీపేటలో మా మిద్దెను నిలబెట్టుకున్నాం

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి ఆనవాలు చెప్పడానికి గుడీ బడీ అక్కర్లేదు. 4/7 అంటే చాలు: నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రైలుకట్ట అవతల అరండల్‌పేటలోనూ ఇదే లెక్క. పాత ఊరి మెలికల సందుల్లోంచి ఇటొస్తే, ముందే గీత గీసి కట్టిన పేట అని నడుస్తుంటేనే తెలుస్తుంది.

ఆ వరసల్లో మాదొక మద్రాసు టెర్రస్ ఇల్లు, అంటే స్లాబు కాకుండా దూలాల మీద ఇటుకా సున్నంతో మిద్దె వేసిన ఇల్లు. వీధివైపు అరుగు, వసారా, ఎత్తైన గదులు, వెనక పెరడు. చుట్టూ ఇలాంటివి ఒక్కొక్కటే పోయి అపార్టుమెంట్లు లేచాయి. మా మధ్యగది కారడం మొదలయ్యాక పిలిచిన ప్రతి కాంట్రాక్టరూ పడగొట్టి స్లాబు వేద్దామనే అన్నాడు. బాబాయి కూడా బిల్డరుకి ఇచ్చేద్దామన్నాడు. నాకు మనసొప్పలేదు.

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే అన్నిటికంటే కష్టమైంది. చివరికి పల్నాడు వైపు పాత గుళ్లు బాగుచేసే పెద్దాయన ఒకరు వచ్చారు. మిద్దె ఎక్కి అక్కడక్కడా సుత్తితో తట్టి, “మిద్దెకేం కాలేదు బాబూ, పైన పూసిన సిమెంటే దీన్ని తినేస్తోంది” అన్నారు.

ఇలాంటి మిద్దెకి దూలాల మీద వాసాలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో కడతారు. ఆపైన ఇటుకజల్లి (చిన్న ఇటుక ముక్కలు), సున్నం కలిపి కొట్టిన పొర. సున్నం పీల్చిన తేమని ఎండకి వదిలేస్తుంది. సిమెంటు పూత దాన్ని వదలనివ్వదు. బీటల్లోంచి దిగిన నీళ్లు లోపలే ఉండిపోయి, గోడలో దూరిన దూలాల కొనల్ని కుళ్లబెడతాయి. మా ఇంట్లో జరిగింది అదే.

మిషను పెట్టనివ్వకుండా సిమెంటంతా ఉలితో తీయించారు. దూలాల కింద ఊతకర్రలు పెట్టి, పాడైన కొనలు కోసి కొత్త టేకు అతికారు. గోడ గూటిలో గాలి ఆడేలా సందు వదిలారు. సున్నం పిడుగురాళ్ల నుంచి తెప్పించాం. గుంటలో నానబెట్టి, ఇసకతో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపారు. అసలు పని ఆ తర్వాతే. కూలీలు వరసగా కూచుని చెక్కలతో కొడుతూనే ఉండాలి. మొదట చెక్క దిగబడుతుంది, చప్పుడు మొద్దుగా ఉంటుంది. పొర బిగిసేకొద్దీ చప్పుడు ఖంగుమంటుంది, చెక్క ఎగిరి వెనక్కొస్తుంది. అంతదాకా మేస్త్రీ ఎవర్నీ ఆపనివ్వలేదు. ఆ తర్వాత తడి గోనెలు కప్పి ఎండ తగలకుండా కాచాం.

పెద్ద వాన కురిసినా మధ్యగదిలో చుక్క పడలేదు. బాబాయి ఇప్పుడు పెరటి వసారా కూడా చూపిద్దామంటున్నాడు. మేస్త్రీకి కబురు పెట్టాం.