గోటితో ఒలిచిన గింజలు

గోల్కొండ కోటలో నేను రామదాసు బందీఖానాలోకి అడుగుపెట్టినప్పుడు, ఎండలోంచి వచ్చిన కళ్లకు కాసేపు ఏమీ ఆనలేదు. పైకప్పులోని కంతలోంచి పడుతున్న వెలుగుకు అలవాటుపడ్డాక, రాతిగోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులూ ఆంజనేయుడూ మెల్లగా రూపు కట్టారు. హైదరాబాదులో ఉంటున్న నేను భద్రాద్రి యాత్రను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలనుకున్నాను. చేసిన మంచిని దేవుడు గుర్తుంచుకుంటాడా అని కడుపు మండి అడిగిన మనిషి కూర్చున్న చోటు ఇదే కదా.

తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, ఆ నేరానికి తానీషా చెరలో పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. ఆయన తన కీర్తనల్లో ఏ నగకు ఎంత ఖర్చయిందో రాముడికే లెక్క అప్పజెప్పాడు. బాధ పట్టలేక తిట్టాడు. తిట్టినందుకు తానే నొచ్చుకుని మన్నించమని వేడుకున్నాడు. ఆ తిట్లలోనే నాకు ఆయన నమ్మకం ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వినడనుకున్నవాడితో ఎవరూ అంత సేపు పోట్లాడరు. రామలక్ష్మణులు వచ్చి ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు పుచ్చుకున్న కథ మనందరికీ తెలిసినదే అయినా, అందులో ఒక మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. స్వామి దర్శనం దొరికింది తానీషాకు. అన్నీ సమర్పించుకున్న రామదాసుకు మాత్రం చీకటిగదిలో ఆ అడుగుల చప్పుడైనా వినబడలేదు.

మా అమ్మ ఉండేది తూర్పు గోదావరిలో, కోరుకొండ దగ్గరి పల్లెలో. భద్రాద్రి కల్యాణానికి వెళ్లే తలంబ్రాల కోసం ఆ చుట్టుపక్కల భక్తులు వడ్లను దంచకుండా, మరకు వేయకుండా, ఒక్కొక్క గింజనే విరగకుండా గోటితో ఒలుస్తారు. అమ్మ కొన్నేళ్లుగా ఆ పని చేస్తోంది. గోళ్ల చివర్లు చిట్లి కూరలో ఉప్పు తగిలినా మండుతుంటే చూడలేక, ఒకసారి నేను, "అంతమంది ఒలిచిన బియ్యంలో నీ గింజలు ఏవో ఎవరికి తెలుస్తుందమ్మా?" అని అడిగాను. చాటలోంచి తల ఎత్తకుండానే, "నాకు తెలియక్కర్లేదురా నాయనా, పోయించుకునే ఆయనకి తెలుసు" అంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఎన్నడూ కల్యాణం చూడలేదు. ఈసారి ఆవిడ బదులు నేను వెళ్లాను.

కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషనులో దిగి, అక్కడి నుంచి బస్సులో సుమారు 40 కిలోమీటర్లు వెళ్లి, సారపాక దాటి వంతెన ఎక్కగానే గోదావరి కనబడింది. స్నానం చేసి కొండ ఎక్కాను. నాలుగు చేతులతో, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న వైకుంఠరాముడి ముందు నిలబడినది కొన్ని క్షణాలే. ఈ విగ్రహాలు పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి పుట్టలో దొరికాయని, గుడీ గోపురమూ లేని ఆ రోజుల్లో ఆమె తాటాకుల పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. ఆ పందిరి ఏనాడో పోయింది. భద్రాద్రి రాముడి కథ మాత్రం ఇప్పటికీ ఆమె పేరుతోనే మొదలవుతుంది.

నవమినాడు మిథిలా ప్రాంగణంలో చలువపందిళ్ల కింద కూడా వేడి భరించలేనంతగా ఉంది. అయినా అభిజిత్ లగ్నం దగ్గర పడేసరికి అంత జనమూ నిశ్శబ్దమైపోయింది. ఇక్కడ సీతమ్మ మెడలో మూడు సూత్రాలు కడతారు: పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి, రామదాసు చేయించినది మూడవది. అర్చకులు ఆ మూడవ సూత్రాన్ని పైకెత్తి జనానికి చూపించినప్పుడు నాకు గోల్కొండ గోడ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆయనను చెరలో వేయించిన రాజ్యం 1687లోనే అంతరించింది. ఆయన చేయించిన సూత్రం ఇంకా ఏటేటా సీతమ్మ మెడను చేరుతోంది.

తరువాత ముత్యాలతో కలిసి తలంబ్రాలు జారాయి. గులాలు కలిపిన ఎర్రటి బియ్యంలో ఏ గింజ ఎవరిదో పోల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా నేను దూరం నుంచి మెడ చాచి, దోసిళ్లలోంచి పడే ప్రతి ధారనూ వెతుకుతూనే ఉన్నాను.

ఊరికి వెళ్లి తలంబ్రాల పొట్లం అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, విప్పి, నాలుగు గింజలు నా తల మీద వేసింది. మూడవ సూత్రం గురించి చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా మాట్లాడకుండా విన్నది. చివరికి పొట్లం మడిచి దేవుడి మందిరంలో పెడుతూ, "వచ్చే ఏటికి వడ్లు ఎప్పుడు పంచుతారో కనుక్కున్నావా?" అని అడిగింది.