కట్ట మీంచి శిఖంలోకి

ఇంటికి దగ్గరలో చెరువు పక్కన నడిచే దారి ఏదైనా ఉందా అని ఆఫీసులో ఎవరడిగినా ముందు ఒకటే చెప్తాను. ఫోన్‌లో ట్రెక్కింగ్ అని కొట్టి వెతక్కండి, ముందు చెరువు వెతకండి, ఆ తర్వాత దాని కట్ట ఎటుందో చూడండి. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్టినవే. వాన నీళ్ళు జారిపోయే పల్లం వైపు కట్ట పోసి ఆపారు. కాబట్టి కట్ట దగ్గర నీళ్ళు లోతు, ఎదుటి వైపుకి పోయేకొద్దీ పలచన. ఆ ఎదుటి వైపు నేలనే శిఖం అంటారు. చెరువు నిండితే మునుగుతుంది, నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. కాళ్ళకీ కళ్ళకీ పని దొరికేది అక్కడే.

ఇదంతా నాకు మా మామయ్య నేర్పిందే. మెదక్ వైపు వాళ్ళ ఊళ్ళో ఆయన తండ్రి నీరటి పని చేసేవారట, తూము తీసి ఎవరి మడికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసుకునే పని. చందానగర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేశాక మామయ్య తెల్లవారుజామునే లేచి ఏం చేయాలో తోచక బాల్కనీలో కూర్చునేవారు. ఇప్పుడు ఆదివారం వస్తే నాకన్నా ముందే బూట్లు వేసుకుని రెడీగా ఉంటారు.

మాకు అన్నిటికన్నా దగ్గర అమీన్‌పూర్ పెద్ద చెరువు. పొద్దున ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు చాలు. దేశంలో నగర ప్రాంతపు చెరువుల్లో మొట్టమొదట జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది దీనికే, 2016లో. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి. అవి మోకాలి లోతు నీళ్ళలో తల కిందులుగా ముంచి బురద వడగట్టుకుని తినే పక్షులు కాబట్టి లోతున్న వైపు కనపడవు, పలచటి నీళ్ళ వైపు పోవాలి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి, దారి అక్కడక్కడా తెగిపోతుంది. అయినా జనవరిలో ఒక పొద్దున అక్కడ నిలబడితే ఇది మన ఊరేనా అనిపిస్తుంది.

నడక కోసమే అయితే నా ఓటు గండిపేట జలాశయానికి. 1908 మూసీ వరద తర్వాత మళ్ళీ అలాంటి ఉపద్రవం రాకూడదని కట్టారు, 1920లో పూర్తయింది. గండిపేట అనగానే అందరూ కట్ట దగ్గరికో, టికెట్ పెట్టిన పార్కుకో పోతారు. మేము ఖానాపూర్, వట్టినాగులపల్లి వైపు పోతాం. చెరువు నిండితే నీటి పూర్తి మట్టం సముద్ర మట్టానికి 1790 అడుగుల ఎత్తు. మట్టం దానికి దగ్గరైంది, గేట్లు ఎత్తారు అని వార్తల్లో వస్తే ఆ వారం వెళ్ళి లాభం లేదు, శిఖం నీళ్ళలో ఉంటుంది. ఫిబ్రవరి నుంచి నీళ్ళు వెనక్కి పోతుంటే గొర్రెల మందలు తొక్కిన బాటలు బయటపడతాయి. ఆ బాట పట్టుకుని పోవడమే.

మొన్న ఏప్రిల్‌లో అక్కడే ఒక తీతువు పిట్ట మా నెత్తి మీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. దాని అరుపు మంచిది కాదని మా అమ్మమ్మ అనేది. నేను చకచకా దాటిపోబోతే మామయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఆగు బిడ్డా, కాలి కింద చూడు." జానెడు దూరంలో నాలుగు గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, నేలలో చిన్న గుంట, చుట్టూ చిన్న చిన్న రాళ్ళు. మట్టిరంగు మీద నల్లమచ్చలు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి. వంగి చూస్తే తప్ప గులకరాళ్ళకీ వాటికీ తేడా తెలియదు. వెనక్కి నడిచి దూరంగా చుట్టు తిరిగి వెళ్ళాం. అరుపు ఆగింది.

ఎక్కడం ఇష్టమైతే ఖాజాగూడ గుట్టలు. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలు, పైన దర్గా, గుడి, కింద చెరువు. బండ మీద నిలబడితే నీళ్ళూ, వాటి వెనక ఆకాశాన్నంటే ఆఫీసులూ ఒకేసారి కనిపిస్తాయి. మంచు పడిన పొద్దున బండ జారుతుంది, పట్టు ఉన్న బూట్లు కావాలి. దుర్గం చెరువు ట్రాక్ చదునుగా, శుభ్రంగా ఉంటుంది, చిన్నపిల్లలున్న వాళ్ళకి బాగుంటుంది.

కొత్త చెరువుకి వెళ్తే కట్ట మైసమ్మ గుడి ఎక్కడని అడగండి, గుడి దొరికితే చాలాసార్లు కట్ట దొరికినట్టే. నీళ్ళ అంచున పైకి ఎండినట్టున్న బురదని నమ్మొద్దు. కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. మట్టి తవ్విన గుంతల్లో నీళ్ళు నిండి ఉంటే ఎంత లోతో పైకి తెలియదు, పిల్లల చెయ్యి వదలొద్దు. సీసా పెంకులుంటాయి, చెప్పులతో రావద్దు. పొద్దెక్కేలోగా తిరిగొచ్చేయండి. చీకటి పడ్డాక అసలు వద్దు.

ఈ మధ్య ఏ చెరువు బాగుచేసినా చుట్టూరా సిమెంట్ దారి పోసేస్తున్నారు. కట్ట మీద పోస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు, ముసలివాళ్ళు కూర్చోవడానికి బెంచీలు, లైట్లు కావాల్సిందే. శిఖం వైపు కూడా పోస్తే మాత్రం నీళ్ళు పెరగడానికీ తగ్గడానికీ చోటు ఉండదు, తీతువు గుడ్డు పెట్టడానికి నేల ఉండదు. మీ కాలనీ చెరువుకి అలాంటి ప్లాన్ వస్తే మీటింగ్‌కి వెళ్ళి ఈ ఒక్కటి అడగండి: ఆ వైపు మట్టి మట్టిగానే ఉండనివ్వమని.