మూడు ఖాళీ గీతలు

ఇవాళ పొద్దున క్లాసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒకమ్మాయి ఆగింది. వేరే దేశం నుంచి వచ్చి ఈ సెమిస్టర్‌లోనే చేరింది. ఎనిమిది వారాలుగా నా స్టాటిస్టిక్స్ క్లాసులో మూడో వరసలో కూర్చుంటుంది, ఇంతవరకూ నోరు విప్పలేదు. నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టి, "ఇక్కడి నుంచి అందలేదు సార్" అంది.

ఆ పేజీ ఇంకా కళ్లలోనే ఉంది. పై సగం ఒక్క గుర్తు పోకుండా సూత్రాలు. కష్టమైన మాటల మీద వాళ్ల లిపిలో చిన్నచిన్న అర్థాలు. మధ్యలో 'బాల్ పార్క్' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. దాని కింద మూడు గీతలు ఖాళీ.

సుమారు లెక్క అనడానికి "బాల్‌పార్క్ ఫిగర్" అన్నానట. అన్న సంగతి నాకు గుర్తే లేదు. ఆటస్థలానికీ సగటుకీ సంబంధమేమిటా అని ఆ పిల్ల తల పట్టుకునేలోపు నేను స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ సగటు అసలు సగటుకి ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే కొలత) చెప్పేసి ముందుకు వెళ్లిపోయాను. ఇవాళ్టి పాఠంలో అసలైన ముక్క అదే. పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను: శాంపిల్ నాలుగు రెట్లు చేస్తే గానీ ఆ ఎర్రర్ సగానికి రాదు. "సూత్రంలో కింద శాంపిల్ సైజు వర్గమూలం ఉంది కాబట్టా?" అని తనే అందుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబితే, "ఇంగ్లిష్ రానివాళ్లకి సీట్లెందుకిస్తారండీ, దిద్దేది మనం కదా" అన్నాడు ఒకాయన. ఆయన బాధ అబద్ధం కాదు. పేపర్ల కట్టలు పెరిగాయి, టైము పెరగలేదు. నేనూ కొన్నేళ్ల కిందట ఇదే మాట అన్నవాణ్ణి. కానీ ఇప్పుడు ఒప్పుకోలేను. సీటు కోసం ఇలాంటి పిల్లలు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ భాగం సుమారు అరగంట, 40 ప్రశ్నలు. రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు, నిజమే. కానీ ప్రశ్నలు ముందే చేతిలో ఉంటాయి, దేనికోసం వినాలో తెలుస్తుంది. నా క్లాసులో ఆ ఆసరా కూడా లేదు. ఆ పరీక్ష గట్టెక్కి వచ్చిన పిల్ల నా దగ్గర తడబడితే, భాష రాదని తేల్చేయడం అన్యాయం.

మౌనం సంగతీ అంతే. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో బడి పిల్లల సైన్స్ క్లాసుల టేపులు విని ఒక విషయం కనిపెట్టింది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి. అవి సొంత భాషలో చదువుకునే పిల్లల క్లాసులు! విన్నది మనసులో తిప్పుకుని, మళ్లీ ఇంగ్లిష్‌లో పేర్చుకునేవాళ్లకి ఇంకెంత కావాలి?

మధ్యాహ్నం క్లాసులో ప్రశ్న అడిగి మనసులో పది దాకా లెక్కపెట్టాను. ఆరు దాటాక గది బరువెక్కింది, నేనే చెప్పేద్దామనిపించింది. తొమ్మిది దగ్గర వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. ఇప్పటిదాకా అటెండెన్స్‌లో తప్ప నేను వినని గొంతు అది. జవాబు సగమే ఒప్పు. ఆ సగాన్ని బోర్డు మీద రాసి, మిగతాది అక్కడి నుంచే అల్లుకుంటూ వెళ్లాను.

సాయంత్రం రేపటి పాఠానికి ఐదు ప్రశ్నలు టైపు చేశాను, క్లాసు మొదలయ్యే ముందే అందరి చేతుల్లో పెట్టడానికి. స్లైడ్లు కూడా మొదటి నుంచీ చూసుకొచ్చాను. ఏడో దాంట్లో 'రూల్ ఆఫ్ థంబ్' (అనుభవం మీద వాడే మోటు సూత్రం) దొరికింది. తీసేయలేదు, బయట ఎలాగూ వినాల్సిన మాటే. పక్కన అర్థం రాసిపెట్టాను.